ఎమా వదిలిన తోడు

సుమెడాంగ్
3 మార్చి 2013

లిలిస్‌కి,

అల్లా నీకు ఆరోగ్యం ఇవ్వాలి, నాకు కాస్త ఓపిక ఇవ్వాలి. రెండోదే ఎక్కువ అవసరం.

ఫోన్ చెయ్యకుండా ఈ కాగితమేమిటని మూతి ముడవకు. పోయినసారి ఏమైందో గుర్తుందా? నేను ఎమా సమాధి దగ్గర నాటిన మల్లె గురించి చెబుతుంటే, నువ్వు బోగోర్ బస్సుల గురించి చెబుతున్నావు. ఇద్దరం ఒకేసారి, ఒకరి గొంతు మీద ఇంకొకరి గొంతు. చివరికి "నువ్వు వినవు తేతే" అని చెల్లెలివి నువ్వు, "నువ్వే వినవు" అని అక్కని నేను, ఠక్కున పెట్టేశాం. ఒక్క ఎమా కడుపున పుట్టి ఇదేం ఖర్మ? అందుకే ఇక నీతో ఫోన్ లేదు. కాగితం మీద నా మాటకి నువ్వు అడ్డు రాలేవు.

అసలు సంగతికి వస్తాను. మన ఓంచోమ్ విడిపోతోంది లిలిస్. తోఫు పిప్పి ఎప్పటిలాగే పిండుతున్నాను, ఆవిరి పెడుతున్నాను, తట్టల్లో పరిచి పాత అచ్చు మీది నారింజ బూజు పొడి తోడుగా చల్లుతున్నాను. రంగు వస్తోంది. కానీ తట్ట లోంచి ఎత్తగానే తడి ఇసుకలా రాలిపోతోంది. మునుపు అచ్చుని ఒక మూల పట్టుకుని ఎత్తితే మొత్తం రొట్టెలా లేచేది. ఎమా అలాగే ఎత్తి చూపించి అమ్మేది కదా! ఇప్పుడు నేను చేటలోకి ఎత్తి అమ్ముతున్నాను. కర్రపెండలం బూరెల్లో ఓంచోమ్ కూరి అమ్మే చిచిహ్ కూడా మొన్న వెనక్కి తెచ్చి, "ఇది బూరెలో నిలవడం లేదు, నూనెంతా పాడవుతోంది" అని నా ముఖం మీదే చెప్పింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఉపవాసాల నెల మొదలయ్యేలోగా ఇది కుదురుకోకపోతే షెడ్డు మూసేస్తాను. పక్కింటి వగిమిన్ సోయా గింజలతో టెంపే అచ్చులు చేసుకోవడానికి చోటు చాలక ఎప్పటినుంచో అడుగుతున్నాడు. అతనికి ఇచ్చేస్తాను. ఎమా పోయేముందు నా చేతిలో పెట్టిన తోడు నా చేతిలోనే చచ్చిపోతోందంటే తట్టుకోలేకపోతున్నాను.

డ్రైవర్ ఓతోంగ్ చేత ఒక తట్ట ముక్క పంపుతున్నాను. నీ ప్రయోగశాలలో పెద్ద అద్దం కింద పెట్టి చూడు. దారిలో వాడు తినకుండా చూసుకోమని వాడికే చెప్పాను.

నీ తేతే
ఇమస్


బోగోర్
11 మార్చి 2013

తేతేకి,

నీ ఉత్తరం, ఓంచోమ్ రెండూ క్షేమంగా చేరాయి. ఓతోంగ్ తినలేదు. తినబుద్ధి కాలేదన్నాడు, కోప్పడకు.

ఇక్కడ వాన. ఎప్పుడు లేదు గనక! గొడుగు ఆరేలోపు మళ్ళీ తడుస్తోంది.

నీ పొడిని చూశాను తేతే. రోజంతా చూశాను. మా ప్రయోగశాలలో నా పనే ఇది కదా, బూజులు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో చూడటం. నువ్వు నవ్వుతావు గానీ అవి నిజంగానే మాట్లాడుకుంటాయి. ఓంచోమ్ పొడిలో ఒక్కో రేణువూ ఒక విత్తనం. తడి తగిలితే సన్నని పోగు వేస్తుంది. పక్కన ఇంకో మొలక ఉందనుకో, రెండూ తల తిప్పి ఎదురెదురుగా వస్తాయి. ముందు ఒకదాని కొసకి ఒక ప్రొటీన్ వచ్చి చేరుతుంది, అది బయటికి కబురు వదులుతుంది. అదే సమయానికి ఎదుటిదాని కొసలో వేరే ప్రొటీన్ ఉంటుంది, అది ఆ కబురు అందుకుంటుంది. కొన్ని నిమిషాలకి తారుమారు. చెప్పింది వింటుంది, విన్నది చెబుతుంది. ఇలా వంతులేసుకుని దగ్గరికి జరిగి, ఆఖరికి మధ్య గోడ కరిగించుకుని ఒకటైపోతాయి. ఒకదాని తిండి ఇంకొకదానికి పారుతుంది. అలా పోగులన్నీ వల అల్లుకుంటేనే పిప్పిని పట్టి ఉంచేది. మా దగ్గరున్న రకంలో ఆ ప్రొటీన్లకి మెరుపు తగిలించాం, అందుకే కళ్ళారా చూడగలుగుతున్నాను. మిణుగురుల్లా ఒకటి వెలిగితే ఒకటి ఆరుతుంది.

మన తోడులో పోగులు బాగానే పెరుగుతున్నాయి. కానీ ఒకదాని పక్కనుంచి ఒకటి తల కూడా తిప్పకుండా వెళ్ళిపోతున్నాయి. వాటికి వినిపించడం లేదు. మన తోడు చెవిటిదైపోయింది తేతే.

ఈమధ్య నువ్వేమైనా మార్చావా? ఏం చేశావు దాన్ని? వెంటనే రాయి.

నీ
లిలిస్


సుమెడాంగ్
16 మార్చి 2013

లిలిస్‌కి,

"ఏం చేశావు దాన్ని" అట! బాగుందమ్మా. పిల్లని కాల్వలో తోసినట్టు అడుగుతున్నావు. నేనేం చేస్తాను? ఎమా ఎలా పిండిందో అలాగే పిండుతున్నాను, ఎమా ఎలా చల్లిందో అలాగే చల్లుతున్నాను. తెల్లకోటు వేసుకుని అద్దంలో తొంగిచూసే నీకు పిప్పి పిండితే మణికట్టు ఎలా లాగుతుందో తెలుసా? ఎమా మంచాన పడ్డప్పుడు నీకు పరీక్షలు. నాకు తట్టలు. అప్పుడు ఎవరూ "ఏం చేశావు" అని అడగలేదు.

చెవిటిదట. నేను పెంచినదాన్ని చెవిటిదని అనడానికి నీకు నోరెలా వచ్చిందే?

అన్నం సహించడం లేదు. నీకు చెప్పినా ఒకటే, గోడకి చెప్పినా ఒకటే.

ఇమస్


బోగోర్
18 మార్చి 2013

తేతేకి,

నీ జవాబు ఇంకా రాలేదు, కానీ ఆగలేకపోతున్నాను. రాత్రంతా ఆలోచించాను. దారి దొరికింది!

మా దగ్గర మంచి రకం ఉంది. నీ ఓంచోమ్‌కి కావలసిందే, ఆరోగ్యంగా ఉంది, చక్కగా అల్లుకుంటుంది. చిన్న సీసాలో పోసి ఓతోంగ్ చేత పంపుతున్నాను. నువ్వు చేయాల్సిందల్లా పాతదంతా పారేసి, తట్టలు మరిగే నీళ్ళతో కడిగి, దీన్ని చల్లడమే. పాతది ఒక్క పిసరు కూడా ఉంచకు, మళ్ళీ కలిసిపోతుంది. ఉపవాసాల నెలకి చాలా ముందే నీ షెడ్డు మునుపట్లా అయిపోతుంది. చూస్తూ ఉండు.

సంతోషంతో
లిలిస్


సుమెడాంగ్
24 మార్చి 2013

లిలిస్‌కి,

నీ సీసా వచ్చింది. మూత తియ్యలేదు. బియ్యం డబ్బా పక్కన పెట్టాను.

నా జవాబు ఇంకా రాలేదట, నమ్మమంటావా? నేను కడుపు మండి రాసిన ఉత్తరానికి నీ జవాబు ఇదన్నమాట. ఎమా తోడుని పారేసి, మరిగే నీళ్ళతో కడిగెయ్యాలి. పైగా సంతోషంతో! మన అమ్మమ్మ చేతినుంచి ఎమాకి, ఎమా చేతినుంచి నాకు వచ్చింది అది. ఇంకెవరో తెలియని సీసాలోది చల్లి, ఎమా ఓంచోమ్ అని చెప్పి అమ్మమంటావా? ఆ అబద్ధం నా వల్ల కాదు. ఉంటే ఎమాదే ఉంటుంది, లేకపోతే షెడ్డే ఉండదు.

వగిమిన్‌కి మాట ఇచ్చేశాను. ఉపవాసాలకి ముందు వారం తాళాలు అతనివి. పాపం, అతను సంతోషించకపోగా "వద్దు ఇమస్ గారూ, ఇంకొన్నాళ్ళు చూడండి" అన్నాడు. మంచివాడు. పెకలోంగాన్ నుంచి వచ్చిన కొత్తల్లో అతనంటే నాకు ఒళ్ళుమంట. మన నారింజ పొడి గాలికి ఎగిరి అతని తెల్లటి టెంపే మీద పడేది. పొద్దున్నే చూస్తే టెంపే అంతా నారింజ మచ్చలు. ఒకరోజు పాడైన టెంపే అంతా తట్టలో పెట్టుకుని వచ్చి, ఒక్క మాట కూడా అనకుండా నా గుమ్మం ముందు నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది. ఆ నిలబడటానికి నేను చితికిపోయాను. అప్పటినుంచి జాగ్రత్త పడుతున్నాను. తోడు తీసేటప్పుడు పొడి గుప్పున లేచే చోట ముట్టుకోను. పిప్పికి అంటుకుని, అణిగి మణిగి ఉన్న చోటు చూసి అక్కడే గీరి తీస్తాను. అచ్చు తర్వాత అచ్చు అలాగే. ఇప్పుడు పొడి అసలు ఎగరనే ఎగరదు. నాలుగేళ్ళుగా అతని టెంపే మల్లెపూవులా ఉంది. ఇరుగుపొరుగుతో అలా మెలగాలని ఎమా నేర్పింది, ఏ ప్రయోగశాలా నేర్పలేదు.

ఇక రాయకు. రాసినా నేను చదవను.

ఇమస్


బోగోర్
2 ఏప్రిల్ 2013

తేతే,

చదవనన్నావు. అయినా చదువుతావు, నాకు తెలుసు. స్టవ్ దగ్గర నిలబడి, కోపంగా ఉన్నట్టు ముఖం పెట్టుకుని చదువుతావు.

నన్ను క్షమించు. పారెయ్యమన్నందుకు. సంతోషంతో అన్నందుకు ఇంకా ఎక్కువ. ఎమా మంచాన ఉన్నప్పుడు నేను రాకపోవడం నాకు గుర్తు లేదనుకున్నావా?

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నువ్వు ఏడుస్తూ రాసింది నాకు చేరకముందే నేను ఎగురుతూ రాసింది బయల్దేరింది. ఇద్దరం ఒకేసారి చెప్పాం, ఎవరమూ వినలేదు. కాగితం మీదా అదే పని చేశాం. పగలంతా వంతులేసుకుని మాట్లాడుకునే పోగుల్ని చూసి, ఇంటికొచ్చి ఇలా చేశాను. నామీద నాకే నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

ఇప్పుడు నీ ఉత్తరం విన్నాను తేతే. నిజంగా విన్నాను. వగిమిన్ గురించి రాసింది మూడుసార్లు చదివాను. నువ్వే తప్పూ చెయ్యలేదు. మర్యాద చేశావు. కానీ ఒక సంగతి చూడు. పోగులు కలిసి అల్లుకుని తిండి పంచుకుంటేనే పైకి నిలబడి గుప్పున పొడి వేస్తాయి. ఎవరితోనూ కలవని పోగు బలం లేక పిప్పికి అంటుకునే పడుంటుంది. ఎక్కడో ఒక మూల అలాంటిది ఒకటి పుట్టి ఉంటుంది. నువ్వు అణిగి ఉన్నదాన్నే ఏరి ఏరి తీశావు, నాలుగేళ్ళలో మెల్లగా అదే మిగిలింది. పక్కింటాయన నొచ్చుకోకూడదని, వినలేనిదాన్ని ఒక్కదాన్నే దాచావు. నీకెలా తెలుస్తుంది? నీ చోట నేనున్నా అదే చేసేదాన్ని.

ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను. అడిగి నోరు మూసుకుంటాను. నీ జవాబు వచ్చేదాకా ఇంకో అక్షరం రాయను, ఎన్నాళ్ళైనా సరే.

నాలుగేళ్ళ కిందట వగిమిన్ టెంపే మీద పడిన ఆ నారింజ పొడి, నువ్వు ఏరడం మొదలుపెట్టకముందుది. అది అచ్చంగా ఎమా తోడు. అతని షెడ్డులో ఎక్కడైనా ఇంకా మిగిలి ఉందా?

నీ
లిలిస్


సుమెడాంగ్
29 ఏప్రిల్ 2013

లిలిస్‌కి,

స్టవ్ దగ్గర నిలబడి కాదు, మెట్ల మీద కూర్చుని చదివాను. అంతా తెలుసునని అనుకోకు.

ఇన్నాళ్ళు జవాబు రాయలేదు. కోపంతో కాదు. సిగ్గుతో. ఏ బూజు ఎగరకూడదని నాలుగేళ్ళు ఒంగి ఒంగి ఉన్నానో, ఆ బూజు కాస్త పెట్టమని అతని గుమ్మంలోకి ఎలా వెళ్ళను? మూడుసార్లు వెళ్ళి అరటి ఆకులు అడిగి వచ్చేశాను. మూడోసారి వగిమిన్ పెళ్ళాం, "ఇమస్ గారింట్లో అరటి తోట పెట్టుకుని మన ఆకులేమిటండీ" అని మొగుడితో అనడం వినబడింది. నువ్వేమో నిజంగానే ఒక్క అక్షరం రాయకుండా ఊరుకున్నావు. నీకు అంత నిగ్రహం ఉందని నాకు తెలియదు. ఆ మౌనమే నన్ను పొడిచి పొడిచి లేపింది. మొన్న శుక్రవారం నమాజు అయి అతను ఇంటికొచ్చే వేళకి వెళ్ళి, గుక్క తిప్పుకోకుండా అడిగేశాను.

అతను ముందు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏ పొడి? నా టెంపే నాశనం చేసిన ఆ నారింజ పీడా?"

"అదేనండి."

"అది కావాలా మీకు? నేను ఏటా సున్నం కొట్టి కొట్టి చస్తున్నా పోని దరిద్రం, అది కావాలా?"

"పోలేదా?" అన్నాను.

"ఎక్కడికి పోతుంది? రండి, మీ ఆస్తి మీరే చూసుకోండి!" అని నన్ను పొయ్యి వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ తడిసిన మొక్కజొన్న కండెల గుట్ట ఉంది. ఒక పాత తాటాకు చాప గోడకి చేరవేసి ఉంది. టెంపే మీదికి పొడి రాకుండా అడ్డం పెట్టిన ఆ చాప పక్కకి తీశాడు.

ఏం చెప్పమంటావే లిలిస్! కండెల మీద, గోడ మూలన, గుప్పుగుప్పుగా, దూదిలా, ఎమా తట్టల్లో ఉన్న రంగే. ఆ వాసనే. నా కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. పాపం ఆ మనిషి కంగారుపడిపోయాడు.

"అయ్యో, ఏడవకండి, ఏడవకండి. అంతా తీసుకెళ్ళండి. కండెలు కూడా తీసుకెళ్ళండి. గోడ కావాలన్నా పీకి ఇస్తాను!"

నాలుగేళ్ళుగా నేను నా షెడ్డులో ఎమాని కాపాడుకుంటున్నాననుకున్నాను. ఎమా పక్కింట్లో, తనని తిట్టుకునేవాడి పొయ్యి వెనక వెచ్చగా కూర్చుని ఉంది.

సగం కండెలు నీకు పంపుతున్నాను. నువ్వు చూసి చెప్పేదాకా నేను చల్లను. నీ వంతు.

నీ తేతే
ఇమస్


బోగోర్
9 మే 2013

తేతే,

వింటున్నాయి! తేతే, వింటున్నాయి!

పొడి తడిపి అద్దం కింద పెట్టాను. మొదటి పూట ఏమీ లేదు. మధ్యాహ్నానికి రెండు మొలకలు, దూరదూరంగా. ఒకదాని పోగు అటు పోబోయి ఆగింది. తల తిప్పింది. ఎదుటిది కూడా తిప్పింది. నీ దానికి మెరుపు తగిలించలేదు కదా, లోపలి ప్రొటీన్ల రాకపోకలు కనబడవు. కానీ నాకు తెలుసు అక్కడేం జరుగుతోందో. ఇది చెప్పింది, అది విన్నది. అది చెప్పింది, ఇది విన్నది. వచ్చి తాకాయి. కాసేపు అలాగే ఉండిపోయాయి. తర్వాత ఇటు లోపలున్నదంతా అటు పారడం చూశాను. నేను గట్టిగా అరిచానేమో, పక్క గదిలోంచి అందరూ పరిగెత్తుకొచ్చారు. "మా అమ్మ మాట్లాడుతోంది" అన్నాను. వాళ్ళు నాకు టీ ఇచ్చి కూర్చోబెట్టారు.

చల్లు తేతే. ఈసారి తోడు తీసేటప్పుడు బాగా లేచి గుప్పున ఉన్నచోటే తియ్యి. మన తట్టలు మాత్రం మరిగే నీళ్ళతో కడగక తప్పదు. చెవిటిది అందులోనే ఉంది, దాన్ని ఉంచితే మళ్ళీ అదే పరిచేసుకుంటుంది. ఈ మాట రాయడానికి చెయ్యి ఆడలేదు, అయినా రాశాను. ఇప్పుడు నువ్వు కడిగేది ఎమాని కాదు.

ఇక వగిమిన్ టెంపే సంగతి. పొడి మళ్ళీ ఎగురుతుంది. గుమ్మానికి, కిటికీకి తడి గోనెపట్టాలు కట్టి చూడు. తడికి పొడి అంటుకుపోతుంది. మా దగ్గరైతే దానికి పెద్ద యంత్రాలున్నాయి గానీ గోనెపట్టా చాలనుకుంటాను.

ఇక నోరు మూసుకున్నాను.

లిలిస్


సుమెడాంగ్
15 జులై 2013

లిలిస్‌కి,

ఉపవాసం ఉండి రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే సర్దుకో.

తట్టలు మూడు సార్లు మరిగించాను. మొదటి అచ్చు సరిగా రాలేదు. రెండోది కాస్త నయం. మూడోదాన్ని మూల పట్టుకుని ఎత్తాను. కళ్ళు మూసుకుని ఎత్తాను, చూడటానికి ధైర్యం చాల్లేదు. బరువు చేతికి తెలిసింది. కళ్ళు తెరిచి చూస్తే మొత్తం అచ్చు, ఒక్క ముక్క, నారింజ రంగులో, నా చేతినుంచి వేలాడుతోంది. ఒక్క పిసరు రాలలేదు. అలాగే పట్టుకుని వీధిలోకి నడిచి చిచిహ్ ముందు ఊపాను. "చాల్లే, ముందు కింద పెట్టు, బూరెలకి ఆలస్యమవుతోంది" అంది. సాయంత్రం మసీదు బాంగు వేళకి ముందే ఆమె బూరెలన్నీ అయిపోయాయి.

ఇచ్చిన మాట ప్రకారం తాళాలు వగిమిన్‌కి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "షెడ్డు మీరే ఉంచుకోండి, నాకు ఆ గోనెపట్టాలు మాత్రం వదిలెయ్యండి" అన్నాడు. రోజూ పొద్దున్నే తనే బకెట్టు తెచ్చి మా గుమ్మం పట్టాలు తడుపుతున్నాడు. పొయ్యి వెనక కండెల గుట్ట కూడా అలాగే ఉంచాడు. "ఏమో, మళ్ళీ ఎప్పుడు కావాలంటారో" అని నవ్వుతాడు.

నిన్న నీ ఫోన్ సంగతి. ఫోన్ మోగగానే ఈసారి చెల్లెలు చెప్పేది పూర్తిగా వినాలని ఒట్టు పెట్టుకుని, ఎత్తి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అటునుంచి చప్పుడు లేదు. ఎంతసేపటికీ లేదు. నువ్వు అలిగావనుకున్నాను. నువ్వూ నేను చెప్పేది విందామని కూర్చున్నావని నాకేం తెలుసు? గోడ అవతల్నుంచి వగిమిన్, "ఇమస్ గారూ, ఎవరైనా పోయారా ఏమిటి, ఫోన్ పట్టుకుని అలా అయిపోయారు?" అని అరిచేసరికి నాకు నవ్వాగలేదు. నీకూ ఆగలేదు. తర్వాత ఎవరు ముందు మాట్లాడారో, ఎవరు ఎప్పుడు ఆగారో నాకు గుర్తు లేదు గానీ, నువ్వు చెప్పినవన్నీ మాత్రం గుర్తున్నాయి. నీకు దగ్గు వస్తోందన్నావు. అల్లం కాచుకో.

నీ సీసా తిరిగి పంపుతున్నాను. అందులోది తట్టల్లో చల్లకుండా పొయ్యిలో పోసి కాల్చాను, తప్పు పట్టకు. సీసా కడిగి, ఎమా ఓంచోమ్‌తో చేసిన కారం నింపాను. సాయంత్రం ఉపవాసం విడిచాక వేడన్నంలో కలుపుకుని తిను.

ఆదివారం మళ్ళీ చెయ్యి. ఈసారి ముందు నేను మాట్లాడతాను, నువ్వు విను. తర్వాత నేను నోరు మూసుకుంటాను, అల్లా మీద ఒట్టు.

నీ తేతే
ఇమస్